అక్క పేరులో చివరి అక్షరం

ఆఫీసులో అతన్ని అందరూ ఎస్ సార్ అని పిలిచేవాళ్ళు. పైవాళ్ళు ఏం చెప్పినా తలూపుతాడని కాదు, అసలు తలూపడం అతనికి చేతనయ్యేదే కాదు. ఇంగ్లీషు మాట చివర ‘ఎస్’ అక్షరం ఎప్పుడు చేర్చాలో, ఎప్పుడు తీసెయ్యాలో ఆ కంపెనీ కంప్యూటర్లకి నేర్పింది అతనే. రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ ఒకసారి ఫోన్లో ఎవరితోనో, "ఉండండి, మా ఎస్ సార్‌ని అడిగి చెప్తాను" అంది. అవతలి మనిషి నవ్వాడట. ఆవిడా నవ్వింది. ఇక ఇరవై రెండేళ్ళు ఆ పేరే నిలిచిపోయింది.

కంపెనీ అంటే పెద్దదేం కాదు. చెప్పుల దుకాణం మీద మూడు గదులు. కింది నుంచి కొత్త తోలు వాసన మెట్లెక్కి పైదాకా వచ్చేది. ఆసుపత్రుల స్టోరు గదుల కోసం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు. ఏ వార్డులో ఎన్ని సిరంజిలున్నాయి, ఎన్ని దుప్పట్లున్నాయి, ఎన్ని దూది కట్టలు అయిపోవచ్చాయి, ఇలాంటివి. నర్సు ఒకటని కొట్టినా, పదని కొట్టినా, మాట చివర ఎస్ పెట్టినా, పెట్టకపోయినా కంప్యూటర్‌కి అది ఒకే వస్తువని తెలియాలి. మళ్ళీ స్క్రీన్ మీద చూపించేటప్పుడు ఒకటుంటే ఒకటిలా, రెండుంటే రెండులా రాయాలి.

"ప్రతిదానికీ ఒక ఎస్ తగిలించెయ్, పోయేదేముంది?" అన్నాడు అప్పటి యజమాని.

పోయింది కంపెనీ పరువే. మొదటి ఆసుపత్రిలో లేబుళ్ళ మీద బాక్స్‌కి ఎస్, బ్రష్‌కి ఎస్, బేబీకి ఎస్ వేసి పంపితే, అక్కడి పెద్ద నర్సు వాటిని ఎర్ర సిరాతో దిద్ది, పిల్లల పరీక్ష పేపర్లలా కట్టగట్టి వెనక్కి పంపింది. ఎస్ సార్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంగ్లీషు అతనికి ఇంట్లో వచ్చిన భాష కాదు, కష్టపడి నేర్చుకున్న భాష. ఆ సాయంత్రమే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాడి దగ్గర అట్ట ఊడిన వ్యాకరణం పుస్తకం ఒకటి పట్టుకొచ్చి, పదకొండు రోజులు కూర్చుని నియమాలన్నీ వరసగా రాశాడు. చివర ఈ అక్షరం ఉంటే ఇది చెయ్యి, ఆ అక్షరం ఉంటే అది చెయ్యి, ఈ మాట కనిపిస్తే అసలు చెయ్యి పెట్టకు. మాటని బహువచనం చేసే ప్రోగ్రాం ముక్క ఒకటి, బహువచనాన్ని తిప్పి ఏకవచనం చేసే ముక్క ఇంకోటి. రెండోదే కష్టం. ఎందుకంటే చివర ఎస్ ఉన్న ప్రతి మాటా బహువచనం కాదు.

ఆ సంగతి కంటి వార్డు నేర్పింది. లెన్స్ అనే మాటకి చివరి ఎస్ కోసేసి, అట్టపెట్టెల మీద ‘1 లెన్’ అని ముద్రించి పారేసింది అతని ప్రోగ్రాం. కంటి డాక్టరు స్వయంగా ఫోన్ చేశాడు.

"ఈ లెన్ ఎవరయ్యా? మా వార్డులో ఆ పేరు గల పేషెంటు ఎవరూ లేరే!"

అప్పటి నుంచి ఎస్ సార్ మినహాయింపుల జాబితా మొదలుపెట్టాడు. లెన్స్, గ్యాస్, బస్, ఫోర్సెప్స్. ఎస్ తియ్యకూడని మాటలు, ఎస్‌తో పనిలేకుండా రూపం మార్చుకునే మాటలు, ఒకటైనా వందైనా ఒకేలా ఉండే మాటలు. జాబితా పెరిగి పెరిగి మూడొందలు దాటింది. కొత్తగా ఒక మాట దొరికిందంటే ఆ రోజు అతని నడకే వేరుగా ఉండేది.

సున్నా దగ్గర యజమానితో పెద్ద గొడవే పడ్డాడు. ఇంగ్లీషులో సున్నా తర్వాత కూడా బహువచనమే రావాలని ఇతను.

"ఏమీ లేనిదానికి బహువచనం ఏమిటయ్యా? నీకేమన్నా మతిపోయిందా?" అని యజమాని.

ఇతను వెళ్ళి అట్ట ఊడిన పుస్తకం తెచ్చి పేజీ తీసి ముందు పెట్టాడు. యజమాని చదివి, కళ్ళద్దాలు తీసి, "సరే, వాళ్ళ భాష, వాళ్ళిష్టం" అని ఊరుకున్నాడు. ఎస్ సార్ జీవితంలో నెగ్గిన వాదనలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటి.

అతనికి పెళ్ళి కుదర్లేదు. కొన్నాళ్ళకి అతనూ పట్టించుకోవడం మానేశాడు. అక్క ఇంటి మీద గదిలో ఉండేవాడు. భోజనం కింద, అక్కా బావలతో. అక్క అతని కన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు ఇతనికి ఆరేళ్ళు. అక్క పదిహేనేళ్ళకే కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ మిషను కింద పడ్డ గుడ్డముక్కల్లో ఆడుకుంటూ, వాటి మీదే నిద్రపోతూ పెరిగాడు ఇతను. తర్వాత అక్క వీధి వైపు గదిని దుకాణం చేసింది. బడి పిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి ఆయాల చీరలకి ఫాల్స్, పొట్ట పెరిగిన పెద్దమనుషుల ప్యాంట్లు వదులు చెయ్యడం, అన్నీ ఆవిడే. మనిషిని చూడగానే నడుము కొలత చెప్పేసేది. బావ నీళ్ళ పైపుల పని చేసేవాడు. నెమ్మదస్తుడు. ఇంట్లో మాటలన్నీ అక్కవే.

తమ్ముడు రోజంతా చేసే పనేమిటో అక్కకి చాలా కాలం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక వదల్లేదు.

"ఒరేయ్, ఒక్క కత్తెరకి వాళ్ళు ఎస్ ఎందుకు పెడతార్రా?"

"రెండు రేకులుంటాయి కదక్కా."

"ప్యాంటుకి?"

"కాళ్ళు రెండు కదా."

"మరి చొక్కాకి చేతులు రెండుంటే ఎందుకు పెట్టరూ?"

ఎస్ సార్ అన్నం కలుపుతూ ఆగిపోయాడు. బావ తల వంచుకుని నవ్వుతున్నాడు.

"చెప్పు మరి! ఇరవై ఏళ్ళ నుంచీ జీతం తీసుకుంటున్నావుగా," అని అక్క మజ్జిగ గిన్నె ముందుకి తోసింది. "మన దాంట్లో మాత్రం తిన్నగా ఏడ్చిందా? పాలు ఒకటా, రెండా? నీళ్ళు ఒకటా, రెండా? వదిలెయ్, తిను."

అక్క పేరుని ఇంగ్లీషులో రాస్తే చివర ఎస్ వస్తుంది. బడిలో చేర్చిన రోజున గుమాస్తా అలా రాశాడు, అదే ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఎస్ సార్ కూడా ఆలోచించలేదు.

పాత యజమాని పోయాక కంపెనీ కొత్త మేనేజరు చేతికొచ్చింది. స్టోరు గదుల పని ఒక్కటే చేస్తే బతకలేమని, ఆసుపత్రి పేషెంట్ల రిజిస్టరూ, ల్యాబ్ రిపోర్టులూ కూడా మనమే చేద్దామని మేనేజరు ఒక పెద్ద ఆసుపత్రి పని ఒప్పుకున్నాడు. ఆర్నెల్ల పనికి రెండు నెలలే గడువు. అందరూ తలమునకలై ఉన్నారు. ఒక మధ్యాహ్నం మేనేజరు ఇతని బల్ల దగ్గర ఆగాడు.

"సార్, స్టోరు సామాన్లు వెతకడానికి మీరు రాసిన ముక్క బాగా పనిచేస్తోంది కదా, దాన్నే ఇందులోనూ వాడేసుకుంటాం. మీకేం అభ్యంతరం లేదుగా?"

"భలేవారే, వాడుకోండి," అన్నాడు ఎస్ సార్. ఇన్నేళ్ళకి ఒకరు వచ్చి అడిగారు. ఆ సంతోషంలో, ఎక్కడ వాడతారు, దేన్ని వెతకడానికి వాడతారు అని అడగనేలేదు.

రెండేళ్ళు గడిచాయి.

ఒకరోజు అక్క స్నానం చేస్తుంటే చంక దగ్గర బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. మొదట ఎవరికీ చెప్పలేదు. యూనిఫారాల రోజులు, చేతినిండా పని. తర్వాత బావ పట్టుబడితే ఆసుపత్రికి వెళ్ళింది. అదే పెద్ద ఆసుపత్రి. అక్కడ సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పది రోజుల తర్వాత వచ్చి రిపోర్టు అడగమన్నారు.

పదో రోజున బావకి ఎక్కడో పైపు పగిలి పని పడింది. ఎస్ సార్ సగం రోజు సెలవు పెట్టి అక్కని తీసుకెళ్ళాడు. రిపోర్టుల కౌంటరు ముందు పొడుగాటి వరస. అద్దం వెనక ఒకతను గబగబా పేర్లు కొడుతున్నాడు. అక్క వంతు వచ్చింది. పేరు చెప్పింది. అతను కొట్టాడు, ఒక్క క్షణం చూశాడు.

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేదా? అంటే బాగానే ఉన్నట్టా?"

"ఏమన్నా ఉంటే డాక్టరే ఫోన్ చేయిస్తారమ్మా. తర్వాతెవరు?"

ఎస్ సార్ మెడ సాచి అద్దంలోంచి స్క్రీన్ చూశాడు. అక్క పేరు కింద సున్నా, పక్కన రిపోర్ట్స్ అని ఉంది. చివర ఎస్ ఉంది. అది అతని ఎస్. పాత యజమానితో పోట్లాడి మరీ పెట్టించిన ఎస్. ఇన్నేళ్ళలో తన పనిని బయట, మనుషులు నిజంగా వాడుతుండగా చూడటం అతనికి అదే మొదటిసారి. ఒళ్ళు పులకరించింది.

"అదిగో అక్కా, చూశావా? ఆ సున్నా పక్కన ఉన్నదే, అది నేను పెట్టిందే!"

"గొప్పేలే," అంది అక్క నవ్వుతూ. గండం గడిచిందన్న తేలిక ఆవిడ మొహంలో కనిపించింది. "పద, దుకాణం తియ్యాలి."

సున్నా రిపోర్టులు అంటే ఇంకా రిపోర్టు రాలేదని అర్థం. అంతా బాగుందని కాదు. ఈ తేడా ఆ వరసలో నిలబడ్డ మనుషుల్లో ఎవరికన్నా తెలియాల్సి ఉంటే అది ఎస్ సార్‌కే. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో లెక్కలేదు. ఆ పూట మాత్రం ఇద్దరూ ఆసుపత్రి గేటు ముందు టీ తాగి, బస్సెక్కి ఇంటికొచ్చేశారు.

నాలుగున్నర నెలల తర్వాత అక్కకి కత్తెర పట్టుకుంటే భుజం లాగడం మొదలైంది. గడ్డ నిమ్మకాయంత అయింది. ఈసారి వేరే డాక్టరమ్మ చూసింది. చూసీచూడగానే ఆవిడ గొంతు మారిపోయింది.

"ఇంతకు ముందు పరీక్ష చేయించారా?"

"చేయించాం. ఏమీ లేదన్నారు."

"ఏమీ లేదని రాసిచ్చిన కాగితం ఏదీ?"

కాగితం లేదు. డాక్టరమ్మ ల్యాబుకి వెళ్ళి అడిగి రమ్మంది. ఎస్ సార్ మెట్లు దిగి, కిటికీల్లేని నడవ చివరికి వెళ్ళాడు. ల్యాబులో పెద్దావిడ ఒకరు ఇంకా చేతిరాత రిజిస్టరు పెట్టుకునే ఉంది. కంప్యూటర్ వచ్చాక దాన్ని ఆపెయ్యమన్నారట, ఆవిడ ఆపలేదు. వేలితో వరసలు చూసుకుంటూ వెళ్ళి ఆగింది.

"ఇదిగోండి. ముక్క వచ్చింది. ఎనిమిదో రోజునే రిపోర్టు ఎక్కించేశాం. బాగా లేదనే రాశాం." ఆవిడ కళ్ళెత్తి చూసింది. "మీకెవరూ చెప్పలేదా?"

ఆవిడే కంప్యూటర్లో వెతికింది. రిపోర్టు ఉంది. కానీ వేరే ఆవిడ పేజీలో ఉంది. ఏడాది కింద చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని వెళ్ళి, మళ్ళీ ఆసుపత్రి మొహం చూడని ఒకావిడ. అదే వయసు. దాదాపు అదే పేరు. ల్యాబావిడ రెండు పేర్లనీ చిన్న కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి అతని ముందు పెట్టింది.

"చూడండి, ఒక్క అక్షరమే తేడా. చివర ఎస్ ఒక్కటే. ఇది దీన్నీ దాన్నీ ఒకటే అనుకుంది. ఎందుకలా అనుకుందో మరి!"

ఎందుకనుకుందో ఆ భవనం మొత్తంలో ఒక్కడికే తెలుసు. ఎస్ సార్ ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయాడు. చివర ఎస్ ఉంటే తీసెయ్, ఆ తర్వాత పోల్చు. సిరంజిలకి రాసిన నియమం. దుప్పట్లకి రాసిన నియమం. దాని ముందుకి ఒక మనిషి పేరు వస్తే, అది బహువచనం అనుకుని చివర కోసేసింది. కోసేశాక ఇద్దరాడవాళ్ళు ఒక్కరైపోయారు. రిపోర్టు ఆ రెండోఆవిడ పాత పేజీలోకి వెళ్ళింది, కౌంటర్లో అక్క కొత్త పేజీ ఖాళీగా తెరుచుకుంది.

ఆ సంగతి మూడు రోజులు కడుపులోనే దాచుకున్నాడు. నాలుగో రోజు బావ బయటికెళ్ళాక దుకాణంలోకి వెళ్ళి, కొలతలు తీసే పీట మీద కూర్చుని అంతా చెప్పేశాడు. అక్క ఒక చిన్న పిల్ల గౌనుకి అంచు మడుస్తోంది. వింటూనే మడిచింది. అంచు పూర్తయ్యాక దారం కొరికింది.

"ఒక్క అక్షరానికా?"

"అవునక్కా."

"నాలుగు నెలలు ముందు తెలిస్తే?"

ముందే పట్టుకుంటే నయమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది అతను విన్నాడు, అక్కా విన్నది.

అక్క గౌను దులిపి, వెలుతురుకి ఎత్తి చూసి, పక్కన పెట్టింది. ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎస్ సార్ ఎదురు చూస్తూ కూర్చున్నాడు.

"మీ బావకి చెప్పకు," అంది చివరికి. "ఆయనకి కోపం వస్తే దించుకునే చోటుండాలి. నువ్వు తప్ప ఆయనకి మాత్రం ఎవరున్నారు? నేను పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి మీరిద్దరూ."

"అక్కా..."

"ఆగు. పేరు చివర ఎస్ ఉన్నది నా ఒక్కదానికేనా?"

"కాదు."

"మరి ఇక్కడ కూర్చున్నావేంరా? లే."

ఆ మధ్యాహ్నమే మేనేజరు గదిలోకి వెళ్ళాడు. మేనేజరు చెడ్డవాడేం కాదు. తలుపు వేసి మొత్తం విన్నాడు. అతని మొహం కూడా పాలిపోయింది. ఇద్దరూ కలిసి చూశారు. మనుషుల పేర్ల దగ్గర ఆ నియమం తీసెయ్యడం ఒక్క వరస పని. కానీ రెండేళ్ళ నుంచీ రికార్డులన్నీ చివర కోసిన పేర్లతోనే దాచి ఉన్నాయి. ఇప్పుడు నియమం తీసేస్తే చివర ఎస్ ఉన్న పాతవాళ్ళెవరూ దొరకరు. వాళ్ళందర్నీ చేత్తో సరిచెయ్యాలి. సరిచెయ్యాలంటే ఆసుపత్రికి చెప్పాలి.

"చెప్దాం," అన్నాడు ఎస్ సార్.

"చెప్తే ఏమవుతుందో తెలుసా సార్? ఇక్కడ పద్నాలుగు మందిమి ఉన్నాం." మేనేజరు కిటికీలోంచి కిందికి చూశాడు. "కొత్త వెర్షన్‌లో చూద్దాం. నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా సర్దేద్దాం."

"ఎప్పుడు వస్తుంది కొత్త వెర్షన్?"

"వచ్చే ఏడాది."

ఎస్ సార్ తన బల్ల దగ్గరికి వచ్చి, ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. ఎవర్నీ అడక్కుండా మినహాయింపుల జాబితా తెరిచి, ఫోర్సెప్స్ కింద అక్క పేరు చేర్చాడు. ఈ మాట కనిపిస్తే చెయ్యి పెట్టకు, అని. కనీసం ఇకనుంచైనా అక్క రిపోర్టులు అక్కకే వస్తాయనుకున్నాడు.

వారం తర్వాత మందు ఎక్కించుకోవడానికి వెళితే కౌంటర్లో మనిషి, "ఈ పేరుతో ఎవరూ లేరమ్మా" అన్నాడు. పాతదంతా కోసిన పేరుతో ఉంది. జాబితాలో చేర్చాక కంప్యూటర్ పూర్తి పేరు కోసం వెతుకుతోంది. పూర్తి పేరుతో అక్క ఎక్కడా లేదు. ఆ రోజు మందు ఎక్కలేదు. పొద్దున్న రక్తం తీసినచోట చేతికి అతికించుకున్న దూదితో బెంచీ మీద మూడు గంటలు కూర్చుని వెనక్కి వచ్చేశారు. మర్నాడు ఆఫీసు తలుపు తియ్యగానే అతను చేసిన మొదటి పని జాబితాలోంచి ఆ పేరు తీసెయ్యడం.

తర్వాత ఇంకో పని చేశాడు. ఆఫీసులో ఉన్న ఆసుపత్రి రికార్డుల కాపీలోంచి, ఒకరితో ఒకరు కలిసిపోయి ఉండే అవకాశమున్న పేర్లన్నీ తీశాడు. నలభై ఒక్క జతలు. ఫోన్ నంబర్లతో సహా చేత్తో కాగితాల మీద రాసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అది తప్పని అతనికి తెలుసు.

"పేర్లు చదువు," అంది అక్క. అప్పటికి ఆవిడ జుట్టు ఊడిపోయింది. మిగిలిన గుడ్డతో తనే టోపీ కుట్టుకుని పెట్టుకుంది. మిషను తొక్కే ఓపిక లేక, దుకాణంలో గోడకి ఆనుకుని కూర్చునేది.

ఆ దుకాణంలోంచే, మధ్యాహ్నాలు, బావ లేని వేళల్లో, ఇద్దరూ ఫోన్లు చేశారు. నలభై ఒక్క జతలంటే ఎనభై రెండు మంది. సగం నంబర్లు మోగనే లేదు. కొన్ని మోగి మోగి ఆగిపోయాయి. ఒకాయన, "మీరెవరు? నా పేరు మీకెవరిచ్చారు?" అని కేకలేసి పెట్టేశాడు. ఒకావిడ తనకి కాన్పు మాత్రమే అయిందని, పిల్లాడు బాగున్నాడని, పిల్లాడి సంగతులన్నీ పావుగంట చెప్పింది. అక్క ఓపిగ్గా వింది. ఒక ఇంట్లో కోడలు ఎత్తి, "మా అత్తగారు పోయి ఎనిమిది నెలలైందండీ. ఎందుకూ?" అంది.

ఎస్ సార్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బిగుసుకుపోయాడు. అక్క చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"ఏం లేదమ్మా. ఆసుపత్రి నుంచి. కాగితాలు సరిచూసుకుంటున్నాం. ఎలా పోయారమ్మా?"

కోడలు చెప్పింది. అక్క ఊఁ కొడుతూ వింది. పెట్టేశాక, "మన వల్ల కాదట. గుండె ఆగిందట" అంది. అది నిజమో, తమ్ముడి కోసం అక్కడికక్కడ కుట్టిన మాటో, ఎస్ సార్ అడగలేకపోయాడు. ఇప్పటికీ అతనికి తెలియదు.

మొత్తం మీద ఒక్కడు మాత్రం, లారీ నడిపే మనిషి, "నాకు రక్తపరీక్ష రిపోర్టు రానేలేదండీ, నేనే మర్చిపోయాను, రేపే వెళ్తాను" అన్నాడు. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా అతను ఎత్తలేదు. బండి మీద ఉన్నాడేమో అనుకున్నారు.

కేకలేసినాయన ఆసుపత్రికి ఫిర్యాదు రాశాడు. మా వివరాలు బయటి మనుషుల చేతికి ఎలా వెళ్ళాయని. ఆసుపత్రి కంపెనీని అడిగింది. మేనేజరు ఎస్ సార్‌ని పిలిచి, కళ్ళలోకి చూడకుండా, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆసుపత్రి వాళ్ళకి సమాధానంలో, ఒక ఉద్యోగి చేసిన పొరపాటు, అతన్ని తొలగించాం, అని రాశారు. పేర్ల సంగతి అందులో లేదు. ఎస్ సార్ తనే ఆసుపత్రికి నాలుగు పేజీల ఉత్తరం రాసి, నియమం ఏమిటో, అది ఎక్కడ ఎలా కోస్తుందో, ఉదాహరణలతో సహా వివరించి, స్వయంగా ఇచ్చొచ్చాడు. పుచ్చుకున్నట్టు ముద్ర వేసిచ్చారు. పనిలోంచి తీసేసిన మనిషి కోపంతో రాశాడనుకున్నారో, అసలు చదివారో లేదో తెలియదు. రిసెప్షన్ ఆవిడ ఒక్కతే ఇంటికొచ్చి అక్కని చూసి, అతని సొరుగులోని సామానంతా సంచిలో తెచ్చిచ్చి వెళ్ళింది.

అక్క ఇంకో అయిదు నెలలుంది. చివరి నెలల్లో నొప్పి తగ్గినప్పుడల్లా దుకాణంలో కుట్టడానికిచ్చిన బట్టల గురించే మాట్లాడేది. ఎవరి ప్యాంటు ఎక్కడుంది, ఎవరి గౌనుకి బొత్తాలు కుట్టాలి. తను పూర్తి చెయ్యలేని బట్టలన్నీ కాగితం చీటీ గుచ్చి ఎవరివి వాళ్ళకి పంపించేసింది. ఒకరోజు తమ్ముడి చొక్కా మెడ పట్టి దగ్గరికి లాగి, చూసి, "కాలరు చిరిగిపోతోంది, తిప్పి కుడితే ఇంకో ఏడాది వస్తుంది. ఎవరితోనన్నా కుట్టించుకో" అంది. ఎవరితోనన్నా అనేసరికి అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఒక మంగళవారం పొద్దున్న, బావ కాఫీ కలిపి తెచ్చేలోపు, ఆవిడ పోయింది. పోయిందని డాక్టరమ్మ ధ్రువీకరించి ఇచ్చిన కాగితం ఆసుపత్రి కంప్యూటర్లోంచే వచ్చింది. అందులో పేరు పూర్తిగానే ఉంది. దాచేటప్పుడు కోసినా, అచ్చు వేసేటప్పుడు మనుషులు కొట్టినట్టే వేస్తుందది. అది కూడా అతనికి తెలిసిన సంగతే.

మరుసటి ఏడాది కంపెనీ కొత్త వెర్షన్ పెట్టింది. పాత ముక్కలన్నీ తీసేసి, బయట దొరికే రెడీమేడ్‌వి వాడారట. అందులో అతను రాసింది ఒక్క వరస కూడా లేదని రిసెప్షన్ ఆవిడ ఫోన్లో చెప్పింది. కలిసిపోయిన పాత రికార్డుల్ని ఎవరన్నా విడదీశారా అని అడిగాడు. అవి తనకేం తెలుస్తాయంది.

యాభై ఏళ్ళ మనిషికి ఆ ఊళ్ళో అలాంటి ఉద్యోగం మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు కోర్టు వీధిలో జిరాక్స్ షాపులో కూర్చుని జనానికి దరఖాస్తులు టైపు చేసి పెడుతున్నాడు. మనిషి పేరు టైపు చేసినప్పుడల్లా కాగితం వాళ్ళ చేతికిచ్చి, ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చూసుకోమంటాడు. వరసలో వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు. షాపు యజమాని కూడా ఒకట్రెండు సార్లు అన్నాడు, ఇంత చాదస్తమైతే ఎలా అని.

దుకాణం గది తాళం వేసే ఉంది. కింద ఇంట్లో బావా ఇతనూ కలిసి వండుకుంటారు, కలిసి తింటారు. బావ పెద్దవాడయ్యాడు, పైపుల పని తగ్గించుకున్నాడు. మాటలు మునుపటికన్నా తక్కువ. కానీ రెండు మూడు రోజులకోసారి, కంచం ముందు, ఉన్నట్టుండి ఆగి అంటాడు.

"గోడ లోపల పైపు పగిలితే ముందు చిన్న చెమ్మ కనిపిస్తుందిరా. అప్పుడే పిలిస్తే అరపూట పని. మీ అక్క విషయంలో ఆ చెమ్మ ఎవరికీ ఎందుకు కనపడలేదంటావు? అంత పెద్ద ఆసుపత్రి. పరీక్ష కూడా చేశారు కదా?"

"చేశారు బావా."

"చేసి ఏమీ లేదన్నారు."

"అవును."

"నువ్వు పక్కనే ఉన్నావుగా ఆ రోజు. ఏమన్నాడు ఆ కౌంటర్లో వాడు?"

ఎస్ సార్ అతను ఏమన్నాడో చెబుతాడు. ప్రతిసారీ అవే మాటలు. బావ విని, కాసేపు అన్నం వైపు చూసి, "తిను, చల్లారిపోతోంది" అంటాడు. ఇద్దరూ తింటారు. కంచాలు కడిగేది ఎస్ సారే.